తెగిన పోగు ఎక్కడుందో ముందు చూడండి

ఆ మధ్య ఒక మంగళవారం రాత్రి తొమ్మిది గంటలప్పుడు పక్కింటి అక్క వచ్చి మా తలుపు తట్టింది. ఆమె చిక్కపేటలోనే ఒక హోల్‌సేల్ చీరల కొట్లో మడతలు పెట్టే పని చేస్తుంది. పొద్దున పదికి పోతే రాత్రి ఎనిమిదిన్నరకు గానీ ఇల్లు చేరదు. చేతిలో ఇంకా టిఫిన్ క్యారియర్ అట్లే ఉంది.

"తమ్ముడా, పాప ఏడుస్తా కూర్చోనుంది. ఇంటర్వ్యూ మధ్యలో నెట్టు పోయిందంట" అంది.

పాప ఈ ఏడాదే నర్సింగ్ చదువు ముగించింది. ఒక ఆసుపత్రి వాళ్లు మొదటి ఇంటర్వ్యూ వీడియోలోనే చేస్తామన్నారు. సాయంత్రం ఆరున్నరకు మొదలైంది. రెండో ప్రశ్నకు జవాబు చెబుతుండగా తెర మీద వాళ్ల ముఖాలు కదలకుండా నిలిచిపోయినాయి. తర్వాత గుండ్రంగా తిరిగే చక్రం వచ్చింది. తర్వాత అదీ పోయింది. మా సందులో కింది ఇళ్లల్లో ఫోన్ సిగ్నల్ ఒక గీత ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. పాప ఫోను పట్టుకుని మిద్దె మీదికి పరుగెత్తి మళ్లీ చేరేలోపల వాళ్లు ఇంకొకరిని పిలిచేసినారు. ఎంతో బతిమాలుకుంటే శుక్రవారం సాయంత్రం అదే సమయానికి ఇంకొక్కసారి చూస్తామన్నారంట.

మధ్యలో మూడు రోజులుంది.

ఆ ఇంట్లో నెట్ సతాయించడం కొత్తేమీ కాదు. ఆరు నెలలుగా రోజూ సాయంత్రం అదే గోల. అవ్వ సీరియల్ పెట్టుకుంటే సగంలో ఆగిపోతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ 40 ఎంబీపీఎస్ ప్లాను చాలదు, 100 ప్లాను తీసుకోండి" అన్నారు. తీసుకున్నారు. నెలకు 300 రూపాయలు ఎక్కువ. సాయంత్రం చక్రం తిరగడం ఆగలేదు. తర్వాత ఎవరో "వైఫై డబ్బా మంచిది కొనండి" అన్నారు. 1,800 పెట్టి అదీ కొన్నారు. ఏమీ మారలేదు. నాలుగు నెలల ఎక్కువ బిల్లు 1,200, డబ్బా 1,800, కలిపి 3,000 రూపాయలు. చీరలు మడతపెట్టి సంపాదించిన 3,000 అది.

నేను ఏ కంపెనీ ఇంజనీరునూ కాదు. ఎస్.పి. రోడ్డు, అంటే సదర్ పత్రప్ప రోడ్డులో కేబుళ్లూ ప్లగ్గులూ అమ్మే కొట్లో పదకొండేళ్లు పనిచేసినాను. ఇప్పుడు కొట్లకూ చిన్న ఆఫీసులకూ లోపలి నెట్ వైరింగ్ చేస్తాను. ఆ ధైర్యంతోనే ఆ రాత్రి అక్కతో, "సాయంత్రం పూట ఊరంతా చూస్తారు గదక్కా, రద్దీ. అందుకే ఆగుతుంది" అనేసినాను.

లోపల మంచం మీదున్న మా నాయన వింటున్నాడు. నాయన బిన్నీ మిల్లులో మగ్గాల ఖాతాలో పనిచేసినవాడు. 1884లో పుట్టిన ఆ మిల్లుకు చిక్కపేట నుంచి కాటన్‌పేట మీదుగా నడిచి పోయేవాడు. "చూడకుండానే చెప్పేస్తివే" అన్నాడు. "మగ్గం నిలిచిపోతే మోటారును తిట్టేవాడు పనోడు కాదురా. ముందు ఏ పోగు తెగిందో చూడల్ల."

మిల్లు ఇళ్లల్లో పెరిగినవాళ్లకు ఈ మాట అర్థమవుతుంది. ఆటోమేటిక్ మగ్గంలో పడుగు పోగు ఒక్కొక్కదానికీ ఒక సన్నటి ఇనుప రేకు వేలాడుతుంటుంది. పోగు తెగితే ఆ రేకు కిందపడి మగ్గం ఆగుతుంది. వేల పోగుల్లో ఏది తెగిందో వెతకాలి. పనోడు మొదట ఏ వైపో చూస్తాడు, తర్వాత ఏ వరసో, తర్వాత ఏ పోగో. దొరికాక ముడివేసి మగ్గం నడుపుతాడు. అంతేగానీ పడుగంతా విప్పడు, కొత్త మోటారు కొనడు.

నెట్ కూడా అట్లే చూడాలి. వీడియో మన కంటిదాకా రావడానికి అయిదు ముక్కల దారి ఉంది. ఒకటి, టీవీనో ఫోనో, అందులోని యాప్. రెండు, గాలిలో వచ్చే వైఫై. మూడు, గోడకుండే కంపెనీ డబ్బా. నాలుగు, స్తంభం నుంచి ఇంటికి వచ్చే లైను. ఐదు, కంపెనీ ఆఫీసూ దాని అవతలి లోకమూ. ఏ ముక్కలో తెగిందో తెలియకుండా పెట్టే డబ్బు వృథానే.

బుధవారం: ముక్కలు విడదీయడం

మరునాడు మధ్యాహ్నం పోయినాను. అప్పుడు నెట్ బాగానే ఉంది. బాగున్నప్పుడు ఎట్లుందో రాసి పెట్టుకుంటేనే, చెడినప్పుడు ఏం మారిందో తెలుస్తుంది.

మొదట ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా డబ్బాకు కలిపి స్పీడు చూసినాను. 94 వచ్చింది. 100 ప్లానుకు అది సరైన లెక్కే. తర్వాత వైరు తీసేసి వైఫైలో చూసినాను. డబ్బా ముందు 80, లోపలి గదిలో అవ్వ మంచం దగ్గర 9. వైరులో బాగుండి వైఫైలో పడిపోతే కంపెనీ లైను తప్పు కాదు, మన ఇంటిలోపలి సంగతి. చూస్తే వైఫై డబ్బాను ఇనుప బీరువా వెనక పెట్టున్నారు. బీరువా, పాతకాలం మందపాటి గోడ, నీళ్ల డ్రమ్ము, ఇవన్నీ వైఫైని మింగేస్తాయి. డబ్బాను బీరువా మీదికి, తెరిపిగా ఉండే చోటికి మార్చినాను. అవ్వ గదిలో 9 ఉన్నది 31 అయింది. పైసా ఖర్చు లేదు.

ఇక్కడ వైఫై గురించి ఒక మాట. చాలా డబ్బాలకు రెండు రకాల వైఫై ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం పోతుంది, కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ వస్తే నీరసిస్తుంది. మన పేటలో ఇల్లూ ఇల్లూ ఆనుకునుంటుంది. 1537లో కెంపేగౌడ కట్టించిన పేట ఇది, అప్పటి సందులే ఇప్పటికీ. మా గదిలో నిలబడితే ఫోనులో ఇరవైకి పైగా వైఫై పేర్లు కనిపిస్తాయి. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే దారులు మూడే: 1, 6, 11. ఇరవై ఇళ్లు మూడు దారుల్లో తోసుకుంటున్నట్టన్నమాట. అందుకే టీవీ డబ్బాకు దగ్గరుంటే 5లో పెట్టుకోండి. ఇంకా మంచిది, వైరు వేసుకోండి.

స్పీడు లెక్క కూడా తెలిసుండాలి. ప్లానులో రాసేది మెగాబిట్లు. ఫోనులో ఫైలు సైజు చూపేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 40 ప్లానులో సెకనుకు వచ్చేది 5 మెగాబైట్లే. మోసమేమీ లేదు, కొలత వేరు. మరి వీడియోకు ఎంత కావాలి? నెట్‌ఫ్లిక్స్ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం మామూలు హెచ్‌డీకి 3 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5, 4కే అనే అతి పెద్ద బొమ్మకు 15. అంటే ఒక టీవీ, రెండు ఫోన్లు ఒకేసారి నడిచినా 40 ప్లాను ధారాళంగా సరిపోతుంది. అక్క 100కు పోవాల్సిన పనే లేదు. మనలాంటి ఇళ్లల్లో ఈ ఒక్క లెక్క తెలియకే నెలనెలా డబ్బు పోతున్నది.

బీరువా సంగతి తేలింది గానీ, సాయంత్రం నెట్ మొత్తంగా పోవడానికి అది కారణం కాదు. పాపకు ఒక పాత నోటుపుస్తకం ఇచ్చి చెప్పినాను: "ఈ సాయంత్రం నెట్టు పోయినప్పుడు టైం రాయి. డబ్బా మీద ఏ లైటు ఎట్లుందో రాయి. ఇంట్లో అప్పుడు ఏం జరుగుతుందో అదీ రాయి."

"ఏం జరుగుతుందో అంటే ఏంది మామా?"

"ఫ్యానేసినారా, మిక్సీ తిప్పినారా, వాన పడిందా, ఏదైనా."

డబ్బా మీది లైట్లు

ఇంటింటా ఉండే ఆ తెల్ల డబ్బా మనతో మాట్లాడుతుంది, మనం చూడమంతే. పవర్ లైటు కరెంటు వస్తున్నదని చెబుతుంది. పీఓఎన్ లైటు పచ్చగా నిలకడగా ఉంటే కంపెనీ ఆఫీసుతో మాట కలిసినట్టు. ఎల్‌ఓఎస్ అని రాసిన లైటు మామూలుగా ఆరిపోయి ఉండాలి. అది ఎర్రగా మెరిస్తే ఫైబర్‌లోంచి వెలుతురు సరిగా రావడం లేదని అర్థం. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉన్నప్పుడు వైఫైని ఎంత మార్చినా, టీవీని ఎన్నిసార్లు ఆపి పెట్టినా ఉపయోగం లేదు. లైట్లన్నీ సరిగ్గా ఉండి ఒక్క టీవీలోనే ఆగితే, ఇంకో యాప్ పెట్టి చూడండి. అది ఆడితే మొదటి యాప్‌ది తప్పు. ఏదీ ఆడకుండా ఫోనులో ఆడితే టీవీది తప్పు.

ఫైబర్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. అదొక గాజు పోగు. పై తొడుగులు తీసేస్తే లోపలి గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుతురు నడిచే దారి ఇంకా సన్నం, ఆ గాజు మందంలో పదో వంతు కూడా ఉండదు. గాజులో వెలుతురును దూరాలకు పంపవచ్చని 1966లో చార్లెస్ కావో అనే ఆయన ఇంగ్లండులో పనిచేస్తూ రుజువు చేసినాడు, 2009లో నోబెల్ వచ్చింది. మన సందులో స్తంభాల మీద వేలాడే నల్ల తీగల్లో ఉన్నది అదే. కంపెనీ ఒక పోగు తెచ్చి, పెట్టెలో పెట్టి, 32కో 64కో పంచి ఇంటింటికీ ఇస్తుంది. అందుకే నెట్ పోయినప్పుడు అదే కంపెనీ నెట్ ఉన్న పక్కింటివాళ్లను అడగండి. వాళ్లకూ పోతే తప్పు వీధిలోనో ఆఫీసులోనో ఉంది. వాళ్లకు ఉండి మీకు మాత్రమే పోతే, పంచే పెట్టె నుంచి మీ ఇంటి వరకు ఉన్న పోగులో వెతకాలి.

ఆ సాయంత్రం పాప రాసింది చూస్తే: "6:10. ఎల్‌ఓఎస్ ఎరుపు. అవ్వ దీపం పెడుతోంది. అమ్మ ఇంకా రాలేదు. వాన లేదు. పైన ఇంట్లో నెట్ ఉంది." మళ్లీ, "10:40. అందరం పడుకున్నాం. ఎల్‌ఓఎస్ ఎరుపే." పొద్దున, "6:30. లేచి చూస్తే నెట్ వచ్చింది."

రద్దీ అని నేను చెప్పిన మాట అక్కడే చచ్చిపోయింది. రద్దీ అయితే వేగం తగ్గుతుంది, ఎల్‌ఓఎస్ ఎర్రబడదు. పై ఇంట్లో నెట్ ఉంది కాబట్టి వీధి లైనూ బాగానే ఉంది. అయిదు ముక్కల్లో నాలుగు పోయి ఒకటి మిగిలింది: పెట్టె నుంచి అక్క ఇంటి డబ్బా దాకా ఉన్న ఆ ఒక్క పోగు.

గురువారం: వాన

రాత్రే కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాం. గురువారం పొద్దున పదకొండుకు లైను అబ్బాయి వచ్చినాడు. మీటరు పెట్టినాడు. "మైనస్ 21 ఉందన్నా, లైను బాగుంది" అన్నాడు. నిజమే, ఆ సమయానికి బాగానే ఉంది. వాడి ఫోనులో ఆ రోజు ఇంకా పద్నాలుగు ఇళ్లు మిగిలున్నాయి. నిచ్చెన భుజాన వేసుకుని పోయినాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడూ మనలాంటి పనోడే. ఇంటికింత అని డబ్బు వచ్చేవాడికి సాయంత్రం దాకా మన ఇంట్లో కూర్చునే తీరిక ఉండదు.

మైనస్ 21 అంటే ఏమిటి? ఇంటికి చేరే వెలుతురు బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. అది ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. మైనస్ 15 నుంచి 25 దాకా ఉంటే మంచిది. చాలా డబ్బాలు మైనస్ 27 దాటితే తట్టుకోలేవు. 3 తగ్గితే వెలుతురు సగమైనట్టు. 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. ఈ అంకెను కొన్ని డబ్బాలు మనకు కూడా చూపిస్తాయి. ఫోనులో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ బ్రౌజర్ తెరిచి 192.168.1.1 అని కొడితే డబ్బా పేజీ వస్తుంది. అడిగే పేరూ పాస్‌వర్డూ డబ్బా అడుగున చీటీ మీద ఉంటాయి. అక్కడ ఆప్టికల్ అనే చోట ఆర్ఎక్స్ పవర్ అని కనిపిస్తుంది. చూడండి, మార్చకండి.

మధ్యాహ్నం రెండుకు వాన దంచింది. నేను అవెన్యూ రోడ్డులో ఒక కొట్లో పనిలో ఉన్నా. పాప ఫోన్ చేసింది. "మామా, మధ్యాహ్నమే పోయింది! 2:05. ఎల్‌ఓఎస్ ఎరుపు. వాన."

సందులో అందరూ వాన అనే అన్నారు. అతుకులో నీళ్లు పోయుంటాయన్నారు. నాకూ అట్లే తోచింది. కానీ బుధవారం సాయంత్రం వాన లేదు గదా. నోటుపుస్తకంలో స్పష్టంగా రాసుంది. వాన లేకుండా సాయంత్రం పోతుంది, వాన వస్తే మధ్యాహ్నం పోతుంది. రెండింటికీ కలిపి ఒకే కారణం ఉండాలి.

పని ముగించుకుని నాలుగుకు పోతే నెట్ వచ్చేసుంది. పాప 3:20కి వచ్చిందని రాసింది. వాన ఆగింది మూడుకే. ఆ ఇరవై నిమిషాలు ఎందుకని అడిగితే, మూల కూర్చున్న అవ్వ అంది:

"వాన రాంగానే కిటికీ మూస్తి. నిలిచినాక కునుకు పట్టింది. లేచి తెరిస్తి."

"రోజూ సాయంత్రం మూస్తావా అవ్వా?"

"మూయకుంటే దోమలు పీక్కోని తింటాయి గదా నాయనా. దీపం పెట్టేముందు మూస్తా. తెల్లారి తెరుస్తా."

కిటికీ దగ్గరికి పోయి చూసినాను. వీధిలోంచి వచ్చిన ఫైబర్ తీగ ఆ కిటికీ మూలలోంచే లోపలికి వస్తున్నది. చెక్క రెక్క మూస్తే చట్రానికీ రెక్కకూ మధ్య తీగ నలిగి, మూల దగ్గర సూదిగా మడత పడుతుంది. ల్యాప్‌టాప్‌లో డబ్బా పేజీ తెరిచిపెట్టి పాపను చూడమన్నాను. కిటికీ తెరిచినప్పుడు మైనస్ 21. మూసినాను, మైనస్ 30, ఎల్‌ఓఎస్ ఎరుపు. తెరిచినాను, నిమిషం లోపల పచ్చ లైటు. మూడుసార్లు చేసినాం. మూడుసార్లూ అదే. తొమ్మిది తేడా అంటే వెలుతురులో ఎనిమిదో వంతు మాత్రమే ఇంట్లోకి వస్తున్నదన్నమాట.

గాజు పోగును తెంపనక్కరలేదు, గట్టిగా మడిస్తే చాలు. లోపల నడిచే వెలుతురు మడత దగ్గర బయటికి కారిపోతుంది. ఇంట్లో ఫైబర్ తీగను చుట్టిపెట్టాల్సి వస్తే చేతి గాజు గుండ్రం కంటే చిన్నగా చుట్టవద్దు. మేకు మీద వేలాడదీయవద్దు, తలుపు సందులోంచి పోనీయవద్దు, దాని మీద బట్టలు ఆరేయవద్దు.

ఆరు నెలలుగానే ఎందుకు? అది అక్క రాత్రి వచ్చినాక చెప్పింది. ఉగాదికి ఇంటికి సున్నం వేసినప్పుడు, అంతకుముందు పైన వెంటిలేటర్‌లోంచి వచ్చే తీగను తీసి, పని అయినాక కిటికీలోంచి పెట్టినారు. అప్పటినుంచీ అంతే. 3,000 రూపాయలకు మూలం ఒక కిటికీ రెక్క.

నాయనతో చెబితే, "తెగలేదు, నలిగింది. మగ్గం మీద కూడా అదే కష్టంరా, తెగింది కనబడుతుంది, నలిగింది కనబడదు" అన్నాడు.

శుక్రవారం

శుక్రవారం పొద్దున మళ్లీ ఫోన్ చేసినాం. ఈసారి "నెట్ రావడం లేదు" అని చెప్పలేదు. "కిటికీ మూస్తే మైనస్ 30, తెరిస్తే మైనస్ 21. లోపలికి వచ్చే చోట తీగ నలిగింది. ఆ ముక్క మార్చి వెంటిలేటర్‌లోంచి వేయాలి" అని పాతనంబరు మీదే చెప్పినాం. మధ్యాహ్నం అదే అబ్బాయి వచ్చినాడు. ఏం చేయాలో ముందే తెలుసు కాబట్టి అరగంటలో ముగించినాడు. మైనస్ 20 వచ్చింది. పోతూ పోతూ, "ఇట్ల చెప్పేవాళ్లుంటే మాకు రోజుకు నాలుగిళ్లు ఎక్కువ అవుతాయక్కా" అన్నాడు.

సాయంత్రానికి జాగ్రత్తలు కొన్ని తీసుకున్నాం. ల్యాప్‌టాప్‌ను వైఫైలో పెట్టకుండా నా సంచిలోని వైరుతో డబ్బాకు కలిపినాం. టీవీ ఆపినాం. ఇంట్లో ఫోన్లకు వైఫై తీసేసినాం. కరెంటు పోతే డబ్బా ఆగకుండా ఎస్.పి. రోడ్డు నుంచి చిన్న యూపీఎస్ అడిగి తెచ్చినాను. ఇంకో ఫోనులో డేటా వేసి మెట్ల మీద సిగ్నల్ ఉండేచోట తయారుగా పెట్టినాం. అవ్వ ఆరు గంటలకు దీపం పెట్టి, కిటికీ దగ్గర నిలబడి నా మొహం చూసింది. "మూసుకోవ్వా, ఇప్పుడేం గాదు" అన్నాను. మూసింది. లైటు పచ్చగానే ఉంది.

ఇంటర్వ్యూ ఇరవై రెండు నిమిషాలు జరిగింది. ఒక్కసారి కూడా ఆగలేదు. వచ్చే బుధవారం నేరుగా ఆసుపత్రికి రమ్మన్నారు. ఈ పత్రిక మీ చేతికొచ్చేసరికి ఆ సంగతి తేలిపోయి ఉంటుంది. అక్క మాత్రం వచ్చే నెల నుంచి మళ్లీ 40 ప్లానుకే మారుతోంది.

మీ ఇంట్లో ఇంకో రకంగా ఉండవచ్చు

అన్ని ఇళ్లల్లో కిటికీయే కారణం కాదు. నేను చూసినవాటిలో ఎక్కువగా కనబడేవి చెబుతాను.

డబ్బా మాటిమాటికీ ఆరి వెలుగుతుంటే ముందు దాని కరెంటు అడాప్టరును అనుమానించండి. ప్లగ్గు వదులై ఉండవచ్చు, అడాప్టరు ముసలిదై ఉండవచ్చు. డబ్బా మీద గుడ్డ కప్పకండి, వేడెక్కితే అదీ తల తిరుగుతుంది.

వైరు వేసినా వేగం రాకపోతే వైరు చూడండి. నెట్ వైరులో ఎనిమిది పోగులుంటాయి. 100 వేగానికి నాలుగు చాలు, అంతకు మించి కావాలంటే ఎనిమిదీ కావాలి. పెద్ద ప్లాను తీసుకున్నా 94, 95 దగ్గరే నిలిచిపోతే ఎక్కడో ఒక పోగు కలవలేదు, లేదా డబ్బా పోర్టే 100ది.

ఉండి ఉండి ఆగుతుంటే ల్యాప్‌టాప్‌లో పింగ్ చేసి చూడండి. మొదట మన డబ్బాకు, అంటే 192.168.1.1కి యాభైసార్లు. తర్వాత 8.8.8.8కి, అది గూగుల్ వాళ్లది, యాభైసార్లు. మొదటిదానికే జవాబులు తప్పిపోతే తప్పు ఇంట్లోనే. మొదటిది బాగుండి రెండోదానికి తప్పిపోతే తప్పు డబ్బా అవతల ఉంది.

ఇంకా పాత టెలిఫోను రాగి తీగ మీదే నెట్ వాడుతున్న ఇళ్లున్నాయి. వాళ్లకు సులభమైన పరీక్ష ఉంది. ఫోను ఎత్తి వినండి. గరగర శబ్దం వస్తే తీగలోనో అతుకులోనో తడి చేరింది, నెట్ కూడా ఆగుతుంది. ఫోనుకూ మోడెంకూ మధ్య ఉండే చిన్న స్ప్లిటర్ డబ్బీ పాడైనా అంతే. ఇంట్లో అదనపు ఫోను కనెక్షన్లన్నీ తీసేసి, తీగ ఇంట్లోకి వచ్చే మొదటి చోటే మోడెం పెట్టి చూడండి. అక్కడ బాగుంటే తప్పు మీ ఇంటి వైరింగ్‌లో ఉంది.

రెండు హెచ్చరికలు. విరిగిన ఫైబర్ కొనను కంటికి దగ్గరగా పెట్టి చూడవద్దు. అందులోని వెలుతురు మనకు కనబడదు గానీ కంటికి హాని చేస్తుంది. చిన్న పిల్లలను దగ్గరికి రానీయవద్దు. స్తంభం ఎక్కవద్దు. మన సందుల్లో నెట్ తీగలూ కరెంటు తీగలూ ఒకే చోట ముడిపడి ఉంటాయి. అది లైను అబ్బాయి పని, వాడు కూడా జాగ్రత్తగా చేయాల్సిన పని.

ఫిర్యాదు చేసినప్పుడు నంబరు తప్పకుండా అడగండి. ట్రాయ్ నియమాల ప్రకారం 2012 నుంచి ప్రతి ఫిర్యాదుకూ కంపెనీ ఒక నంబరు ఇవ్వాల్సిందే. పని కాకపోతే ఆ నంబరుతో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి చెప్పుకోవచ్చు, దానికి ఫీజు లేదు. "ప్లాను పెంచండి" అని ఎవరైనా అంటే, "వైరు పెట్టి స్పీడు చూసినాం, ఇంత వస్తున్నది, మరి పెంచితే ఏం మారుతుంది?" అని ఒక్క మాట అడగండి.

ఈ కింది అయిదు మాటలు కత్తిరించి డబ్బా పక్కన అంటించుకోండి.

1. అన్నింటికీ పోయిందా, ఒక్క టీవీకో ఒక్క యాప్‌కో పోయిందా?
2. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందా?
3. అదే కంపెనీ నెట్ ఉన్న పక్కింటివాళ్లకు వస్తున్నదా?
4. వైరు పెట్టి చూస్తే బాగుందా?
5. ఏ సమయానికి పోయింది, అప్పుడు ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు?

అయిదోదే అందరూ వదిలేస్తారు. అక్క ఇంట్లో దారి చూపింది అదే. కంపెనీ మీటరుకు దొరకనిది, నా పదకొండేళ్ల అనుభవానికి దొరకనిది, నోటుపుస్తకంలో పాప రాసిన నాలుగు వరసలకూ అవ్వ చెప్పిన ఒక్క మాటకూ దొరికింది. మీ ఇంట్లోనూ ఏదైనా ఇట్లా తేలకుండా ఉంటే, ఈ అయిదింటికీ జవాబులు రాసి పత్రిక ఆఫీసుకు పంపండి. వచ్చే నెల కూర్చుని చూద్దాం.